రేవులో కొన్న వస్తువుకు ఊరి పేరు ఉండాలి

సంపాదకులకు నమస్కారాలు.

మధ్యధరా సముద్రంలో నౌకా విహారాల గురించి గత నెల మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఏ రేవులో ఏ కోట చూడాలో, ఏ మ్యూజియానికి ముందుగా టికెట్టు తీసుకోవాలో ఆ వ్యాసం చక్కగా చెప్పింది. కొనుగోళ్ల విషయానికి వచ్చేసరికి మాత్రం, జ్ఞాపికలు అమ్మే దుకాణాలు రేవు బయటే చాలా ఉంటాయన్న ఒక్క వాక్యంతో సరిపెట్టింది. కిందటి ఏడాది మా అమ్మాయి పట్టుబట్టి తీసుకువెళ్లగా, జెనోవాలో ఓడ ఎక్కి నేపుల్స్, మెస్సీనా, వాలెట్టా, బార్సిలోనా, మార్సేయ్ రేవులు చుట్టి వారం తరువాత మళ్లీ జెనోవాలోనే దిగాను. అంతకన్నా ముఖ్యంగా, నరసాపురం దగ్గరి ఒక పల్లెలో లేసు అల్లి మమ్మల్ని చదివించిన తల్లికి కూతురిని నేను. అందుకే ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా సమయం సంగతి చెప్పాలి, ఎందుకంటే రేవుల్లో జరిగే పొరపాట్లన్నీ దాని నుంచే పుడతాయి. ఓడ ఉదయం 8 గంటలకు రేవు పట్టినా, దిగేవారి వరుస కదిలి మనం నేల మీద కాలు పెట్టేసరికి 9 దాటుతుంది. సాయంత్రం 6 గంటలకు బయలుదేరే ఓడలోకి 5.30కు ముందే చేరుకోవాలి, సొంతంగా ఊళ్లోకి వెళ్లి ఆలస్యమైన వారి కోసం ఓడ ఆగదు. మార్సేయ్‌లో పెద్ద ఓడలు నిలిచే చోటు పాత రేవుకు దూరం కాబట్టి రానూ పోనూ బస్సుకే గంటకు పైగా పోతుంది. దక్షిణ ఇటలీలో చిన్న దుకాణాలు చాలావరకు మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో తలుపులు మూసి మళ్లీ నాలుగింటికి గానీ తెరవవు. ఇవన్నీ తీసివేస్తే చేతిలో మిగిలేది మూడు నాలుగు గంటలు. ఇంటి దగ్గర ఎదురుచూసే వారి పేర్లు మనసులో తిరుగుతూ ఉంటాయి, రేవు గేటు దాటగానే రంగురంగుల దుకాణం కనిపిస్తుంది, అక్కడే పని ముగించుకుందామనిపిస్తుంది. ఆ తొందర గురించి దుకాణదారుకు మనకన్నా బాగా తెలుసు.

నేనూ ఆ తొందరలోనే దెబ్బతిన్నాను. ఊరు పేరు, దుకాణం పేరు చెప్పడం నా ఉద్దేశం కాదు. మా బృందాన్ని తిప్పిన బస్సు చివరన ఒక 'స్థానిక హస్తకళల కేంద్రం' దగ్గర నలభై నిమిషాలు ఆగింది. అక్కడ బల్ల మీద పరిచే లేసు గుడ్డ ఒకటి చూసి, ఆ ఊరి స్త్రీలు చేత్తో అల్లిందన్న మాట నమ్మి, 45 యూరోలు ఇచ్చి కొన్నాను. రాత్రి ఓడ గదిలో దీపం కింద విప్పి, వెనక్కి తిప్పి చూసినప్పుడు నా గుండె కలుక్కుమంది. అంచు కుట్టు లోపల చీటీని కత్తెరతో కత్తిరించగా మిగిలిన వేలెడు ముక్క కనిపించింది. వెనుక వైపు దారం ఎక్కడా ముడి లేకుండా, ఒకే బిగువుతో, గొలుసులాగా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సాగింది. చేతి అల్లికలో అది అసాధ్యం. మనిషి చేయి అలసిపోతుంది, దారపు కండె అయిపోతుంది, కొత్త దారం కలిపిన చోట చిన్న ముడి పడుతుంది, పొద్దున అల్లిన వరుసకూ సాయంత్రం దీపం వెలుగులో అల్లిన వరుసకూ బిగువులో తేడా వస్తుంది. మా అమ్మ ఒళ్లో కూర్చుని పదేళ్లపాటు చూసిన దాన్ని, కొనేటప్పుడు ఒక్కసారి తిరగేసి చూడాలన్న ఆలోచన నాకు రాకపోయింది. డబ్బు పోయినందుకు కాదు నా బాధ. ఆ ఊళ్లో నిజంగా లేసు అల్లే చేయి ఎక్కడో ఉండి ఉంటుంది, ఆమెకు చేరవలసిన 45 యూరోలు ఆమె పేరు చెప్పుకున్న యంత్రానికి నా చేతుల మీదుగా చేరాయి.

ఆ తరువాత మాల్టా రాజధాని వాలెట్టాకు చేరాం. అక్కడ ఓడ కోటగోడల కిందనే నిలుస్తుంది. 58 మీటర్ల ఎత్తుకు తీసుకువెళ్లే బరాక్కా లిఫ్టు ఎక్కితే నేరుగా ఊరి నడిబొడ్డుకు చేరవచ్చు కాబట్టి బస్సుల బాధ లేదు. ఈసారి బృందంతో వెళ్లకుండా మేమిద్దరమే వీధులు పట్టుకుని నడిచాం. మాల్టా లేసుకు మన నరసాపురం లేసులాగా కొక్కెం సూది వాడరు. పొడుగాటి సన్నని దిండును గోడకు ఆనించి, దాని మీద నమూనా పొడిచిన అట్టను పరిచి, గుండుసూదులు గుచ్చి, చిన్న చిన్న చెక్క కండెలకు చుట్టిన దారాలను జంటలు జంటలుగా మెలివేస్తూ, ఒకదాని మీదుగా మరొకదాన్ని దాటిస్తూ అల్లుతారు. ఒక సందులోని చిన్న దుకాణంలో పెద్దావిడ ఒకరు అలా పనిచేస్తూ కనిపించారు. కండెలు ఒకదానికొకటి తగిలి సన్నగా టకటకమంటున్నాయి, ఆవిడ మాత్రం వాటి వైపు చూడకుండానే మాతో మాట్లాడుతున్నారు. మాల్టాలో ఇంగ్లీషు అధికార భాషల్లో ఒకటి కాబట్టి మాటకు ఇబ్బంది లేకపోయింది.

ఇది ఎవరు అల్లారు, ఎక్కడ అల్లారు అని నేను అడగగానే ఆవిడ ముఖం వికసించింది. ఇది నేను అల్లాను, అది గోజో ద్వీపంలో ఉన్న మా చెల్లెలు అల్లింది, ఆ మూలనున్నవి మాత్రం బయటి నుంచి తెప్పించిన యంత్రపు సరుకు అని వేలుపెట్టి చూపించారు. తమ అల్లికలో ఎనిమిది మొనల మాల్టా శిలువ, గోధుమ గింజల్లాంటి చిన్న ఆకులు ఎలా కుదురుతాయో దిండు మీదనే వివరించారు. నేను నా ఫోనులో మా అమ్మ అల్లిన బల్లగుడ్డ ఫొటో చూపిస్తే, తెర మీద రెండు వేళ్లతో పెద్దది చేసుకుని, వరుసలు లెక్కపెట్టి, దీనికి ఎన్ని నెలలు పట్టిందని అడిగారు. మూడు నెలలని చెప్పాను. ఎంత ఇచ్చారని అడిగారు. దారపు కండెల లెక్కన దళారి ఇచ్చిన కూలి ఎంతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ దగ్గర నేను కొన్నది పుస్తకంలో గుర్తుగా పెట్టుకునే రెండు చిన్న లేసు పట్టీలే. అరచేయంత కూడా లేని ఆ పట్టీలకు నేనిచ్చిన డబ్బు, అంతకుముందు ఒక రేవులో మోసపోయి ఇచ్చిన దానిలో సగం ఉంటుంది. అయినా ఆ ప్రయాణంలో నేను కొన్న వాటిలో మనసు నిండినవి అవే.

నేపుల్స్ గురించి కూడా కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ తెలుగువారు తప్పక చూడవలసిన వీధి ఒకటి ఉంది. ఓడ దిగిన చోటు నుంచి అరగంట లోపు నడకలో శాన్ గ్రెగోరియో అర్మేనో అనే ఇరుకు సందు వస్తుంది. క్రీస్తు జననాన్ని బొమ్మలతో పేర్చే ఆచారం ఆ ఊళ్లో మన బొమ్మల కొలువంత పెద్దది, ఆ బొమ్మలు చేసేవారి వీధి అది. పశువుల పాకలో పుట్టిన శిశువు ఒక్కడే ఉంటే వారికి కొలువు నిండదు. చుట్టూ కూరగాయలమ్మే స్త్రీ, చేపల బుట్టవాడు, రొట్టెలు కాల్చేవాడు, నిద్రపోతున్న గొర్రెల కాపరి, అందరూ ఉండాలి. మంచి పనివారు తలను, చేతులను, కాళ్లను మట్టితో చేసి కాలుస్తారు, కళ్లకు గాజు పొదుగుతారు, ఇనుప తీగకు నారపీచు చుట్టి ఒళ్లు చేస్తారు, దాని మీద పట్టుగుడ్డలు కుడతారు. తీగ ఒళ్లు కావడం వల్ల చేతిని ఎటు వంచితే అటు వంగుతుంది. సందు మొదట్లో, ఎదురుగా కనిపించే బల్లల మీద మాత్రం అచ్చుపోసిన ప్లాస్టిక్, రెసిన్ బొమ్మలే ఎక్కువ. బొమ్మను చేతిలోకి తీసుకుని బరువు చూడండి, పీట అడుగు భాగం చూడండి, పక్కన పైనుంచి కిందికి అచ్చు అతుకు గీత ఉందేమో చూడండి. ఈ మూడు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. సందులో లోపలికి వెళితే పనివారు వాకిట్లోనే కూర్చుని రంగులు వేస్తూ కనిపిస్తారు. అక్కడ నేను కూరగాయలమ్మే స్త్రీ బొమ్మ ఒకటి కొన్నాను. ఈ సంక్రాంతికి మా ఇంటి కొలువులో ఏటికొప్పాక పెళ్లికొడుకు పెళ్లికూతురికి, కొండపల్లి తాటిచెట్టుకు మధ్య ఆవిడ కూర్చుంది, చూడవచ్చిన పేరంటాళ్లందరూ ఏ ఊరావిడని అడిగారు.

మార్సేయ్‌లో సబ్బు కొనాలి. 1688లో, పద్నాలుగో లూయీ కాలంలో, మార్సేయ్ సబ్బుకు ఆలివ్ నూనె మాత్రమే వాడాలని కట్టడి చేసే రాజశాసనం వచ్చింది. ఈనాటికీ అసలైన ఘనాకారపు సబ్బు మీద 72 శాతం అన్న ముద్ర ఉంటుంది. అందులోని నూనెల పాలును అది చెబుతుంది. సంప్రదాయ పద్ధతిలో పెద్ద బానల్లో రోజుల తరబడి వండే ఆ సబ్బుకు రంగు, పరిమళం కలపరు. ఆలివ్ నూనెతో చేసినది పాకుడు పచ్చగానూ, కొబ్బరి లేదా పామాయిలుతో చేసినది తెల్లగానూ ఉంటుంది. సంతలో గులాబీ రంగులోనూ ఊదా రంగులోనూ పేర్చి ఉంచే సువాసన బిళ్లల మీద కూడా మార్సేయ్ పేరే ఉంటుంది గానీ, ఆ పాత పనికీ వాటికీ సంబంధం లేదు. జెనోవా, మెస్సీనా, బార్సిలోనాలలో నేను పెద్దగా ఏమీ కొనలేదు. మెస్సీనాలో సిసిలీ బొమ్మలాటకు వాడే, మన తోలుబొమ్మలకున్నంత పేరున్న కొయ్యబొమ్మలు ఉంటాయని తెలిసినా, మధ్యాహ్నం తలుపులు మూసిన వీధిలో తిరిగి వచ్చాను.

డబ్బు విషయంలో మన వారు జాగ్రత్త పడవలసినవి కొన్ని ఉన్నాయి. కార్డు గీసినప్పుడు యంత్రం రూపాయల్లో చెల్లిస్తారా, యూరోల్లో చెల్లిస్తారా అని అడుగుతుంది. మనకు తెలిసిన లెక్క కదా అని చాలామంది రూపాయలు నొక్కుతారు. అలా నొక్కితే మారకపు రేటు దుకాణం వైపు యంత్రం నిర్ణయించినదే అవుతుంది, సాధారణంగా అది మనకు నష్టం, కాబట్టి యూరోలే నొక్కాలి. ఐరోపా సమాఖ్యకు బయట నివసించే వారు కొన్న వస్తువు మీద పన్ను వాపసు పొందవచ్చు. అందుకు ఇటలీలో ఒక దుకాణంలో 70 యూరోలకు పైగా కొనాలి, ఫ్రాన్సులో ఆ హద్దు 100, స్పెయిన్‌లో హద్దే లేదు. అయితే దుకాణంలోనే పాస్‌పోర్టు చూపించి పత్రం రాయించుకోవాలి, సమాఖ్య దేశాలను చివరిగా విడిచే చోట కస్టమ్స్ ఆమోదం తీసుకోవాలి, వస్తువును అక్కడ చూపించమంటే చూపించగలగాలి, అంటే దాన్ని పెట్టె అడుగున సర్దేయకూడదు. రోడ్డు మీద దుప్పటి పరిచి అమ్మే పేరుమోసిన కంపెనీల నకిలీ సంచులు కొంటే ఇటలీలో అమ్మినవాడితో పాటు కొన్నవారికి కూడా 7,000 యూరోల వరకు జరిమానా పడవచ్చు. ఆలివ్ నూనె సీసా కొనేటప్పుడు ఎరుపు పసుపు రంగుల గుండ్రని ముద్ర కోసం చూడండి, ఆ నూనె ఫలానా ప్రాంతంలోనే పండి, అక్కడే తయారైందనడానికి ఐరోపా సమాఖ్య ఇచ్చే గుర్తు అది.

ఈ ముద్ర దగ్గరే నేను అసలు చెప్పదలచుకున్నది ఉంది. నూనెకు, జున్నుకు, ద్రాక్షసారాకు ఐరోపాలో ఇలాంటి రక్షణ ఎప్పటి నుంచో ఉన్నా, చేతివృత్తుల వస్తువులకు సమాఖ్య అంతటికీ వర్తించే భౌగోళిక గుర్తింపు చాలాకాలం లేదు. 2023లో నిబంధన చేసి, 2025 డిసెంబరు 1 నుంచి దాన్ని అమలులోకి తెచ్చారు. మన దేశంలో 1999లో చట్టం చేసి, 2003 సెప్టెంబరు నుంచి అమలు చేస్తున్నాం, అందులో చేతివృత్తులు మొదటి నుంచీ ఉన్నాయి. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో, అరకు కాఫీకి 2019లో, నరసాపురం లేసుకు 2024లో ఆ గుర్తింపు దక్కింది. చట్టంలో మనం ముందున్నాం, మంచిదే. కానీ మా అమ్మ కాలంలో గోదావరి జిల్లాల లేసు మూటలు కట్టి విదేశాలకు పోయినప్పుడు, అక్కడి బల్లల మీద దాన్ని పరిచినవారికి నరసాపురమనే ఊరొకటి ఉందని తెలియదు. గుర్తింపు పత్రం ఉంటే చాలదు, కొనేవారి కంటికి ఊరి పేరు, పనిచేసిన చేయి కనిపించాలి. వాలెట్టాలో ఆ పెద్దావిడ దుకాణంలో నాకు కనిపించినది అదే.

ఇప్పుడు మన విశాఖ సంగతి. 2023 సెప్టెంబరు 4న దాదాపు 96 కోట్ల రూపాయల ఖర్చుతో మన రేవులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. 2 వేల మంది ప్రయాణికులతో వచ్చే ఓడకు అది సరిపోతుంది. 2024 ఏప్రిల్‌లో 'ది వరల్డ్' అనే నివాస నౌక ఇక్కడికి వచ్చింది. ఇలా వచ్చే విదేశీయులు కూడా, మధ్యధరా రేవుల్లో మేము తిరిగినట్టే, చేతిలో కొద్ది గంటలు పెట్టుకుని, ఎవరిని నమ్మాలో తెలియని స్థితిలో దిగుతారు. బీచ్ రోడ్డులో శంఖం మీద పేరు చెక్కించుకుని, అదే విశాఖ పనితనమనుకుని వెళ్లిపోతే తప్పు వారిది కాదు. ఏటికొప్పాక ఇక్కడికి అరవై కిలోమీటర్లకు పైన ఉంది. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరికి వెళ్లి, చూసి, తిరిగి వచ్చేసరికి వారి రోజు అయిపోతుంది.

కాబట్టి ఊరినే రేవుకు తీసుకురావాలి. ఏటికొప్పాక బొమ్మను షెల్ఫు మీద చూడటం వేరు, తయారవుతుండగా చూడటం వేరు. అంకుడు కర్ర ముక్క యంత్రం మీద గిర్రున తిరుగుతుంది, పనివాడు దానికి లక్క కడ్డీని ఆనిస్తాడు, రాపిడి వేడికి లక్క కరిగి, పసుపు నుంచో నీలిమందు నుంచో తీసిన రంగుతో కర్రను పట్టుకుంటుంది, ఆ వెంటనే మొగలి ఆకుతో అదిమితే అద్దంలాంటి నిగారింపు వస్తుంది. చెట్ల నుంచీ గింజల నుంచీ తీసిన రంగులను ఆ ఊరికి మళ్లీ అలవాటు చేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. చూపించదగిన పనీ, చెప్పదగిన కథా మన దగ్గర ఉన్నాయి. ఓడ వచ్చిన రోజున టెర్మినల్‌లో ప్రయాణికులు నడిచే దారిలో కర్రను తిప్పే ఆ యంత్రం ఒకటి నడుస్తూ ఉండాలి, దాని పక్కన నరసాపురం నుంచి వచ్చిన ఒక స్త్రీ కూర్చుని లేసు అల్లుతూ ఉండాలి, మరొక పక్కన వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి పొందూరు నూలు వడికేవారు ఉండాలి. ఒక్కో వస్తువుకు ఒక చీటీ ఉండాలి, దాని మీద ఏ ఊరు, ఎవరు చేశారు, ఎన్ని రోజులు పట్టింది, ధర ఎంత అన్నవి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయాలి, ఆ ధర మీద బేరం ఉండకూడదు.

ఇందులో మరచిపోకూడనిది పనివారి కూలి. అమ్ముడైతే డబ్బు, లేకపోతే ఉట్టి చేతులతో ఇంటికి అన్న పద్ధతిలో పిలిస్తే రెండోసారి ఎవరూ రారు. వచ్చిన రోజుకు కూలి, రానూ పోనూ ఛార్జీలు, భోజనం నిర్వాహకులే ఇవ్వాలి, అమ్మిన సొమ్ము పూర్తిగా పనివారికే చెందాలి. విదేశీ కార్డులు తీసుకునే యంత్రం అక్కడ తప్పనిసరి. అది లేక చేతిలోకి తీసుకున్న వస్తువును తిరిగి పెట్టేసి వెళ్లడం ఎంత ఇబ్బందిగా ఉంటుందో ఆ రేవుల్లో నాకు స్వయంగా అనుభవమైంది. అరకు కాఫీ, మాడుగుల హల్వా లాంటివి పెట్టెలో చిన్నగా, పదిలంగా ఇమిడే పొట్లాలుగా ఉండాలి, విమానంలో ఇంటికి వెళ్లవలసిన మనిషి ముందు బరువు, తరువాతనే రుచి ఆలోచిస్తాడు.

మీ పత్రిక చేయగలిగిన సాయం కూడా ఒకటుంది. ఏ ఓడ ఏ రోజున ఏ రేవుకు వస్తుందో చాలా నెలల ముందే ఖరారవుతుంది. మధ్యధరా ఊళ్లలో దుకాణదారులు ఆ తేదీలను బట్టే తలుపులు తెరుస్తారని వాలెట్టాలోని పెద్దావిడ నాకు చెప్పారు. మన దగ్గర ఓడ వచ్చి వెళ్లిన మర్నాడు ఫొటోలతో వార్త చదువుతున్నాం. విశాఖకు రాబోయే క్రూయిజ్ నౌకల తేదీలను, ప్రయాణికుల సంఖ్యను రేవు అధికారుల నుంచి తెలుసుకుని, నెల ముందుగా మీ విశాఖ, అనకాపల్లి, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లా సంచికలన్నింటిలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఏటికొప్పాకలో ఒక కుటుంబానికి వంద బొమ్మలు చేయడానికైనా, మా ఊళ్లో ఒక స్త్రీకి నాలుగు చిన్న బల్లగుడ్డలు అల్లడానికైనా ఆ నెల రోజులు కావాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం.